చేతికివ్వని కత్తెర

తను చూడని వేళ ఏదో జరిగిపోతుందని తలుపులమ్మ భయం. ఆమెకున్న మిగతా భయాలన్నీ ఈ ఒక్కదాని పిల్లలే. పాము కనబడితే పక్కకి తప్పుకుంటుంది, పిడుగు పడితే చెవులు మూసుకుంటుంది. అటు తిరిగి ఉన్నప్పుడు, వెనకాల చప్పుడు లేకుండా జరిగిపోయేదానికి ఏం చెయ్యాలో మాత్రం ఇరవయ్యారేళ్ళు వచ్చినా ఆమెకి తెలియలేదు.

అందుకే బళ్ళో నాటకం ఉన్న ఆ ఉదయం కూడా చెలికత్తె వేషం జాకెట్టుకి రెండు హుక్కులు కుట్టడం, తలెత్తి కిటికీలోంచి చూడడం, మళ్ళీ రెండు హుక్కులు కుట్టడం. కిటికీకి ఎదురుగా ఆటస్థలం, దాని అవతల చిన్నబడి. ఒకటో తరగతి గది తలుపు తీసే ఉంటుంది. తలుపులోంచి మూడో వరస, మూడో వరస చివర కూతురు బిందు జడకి కట్టిన ఎర్ర రిబ్బను. ఆ రిబ్బను అటో ఇటో కదిలితే తలుపులమ్మ ప్రాణం కుదుటపడుతుంది. అప్పుడు మూడో హుక్కు.

"మెడ నెప్పెట్టదేటే నీకు?" అంది లూర్దు మేరీ.

"నొప్పెట్టదు మామ్మా, అలవాటైపోయింది."

"నీకు అలవాటే. సూదికి అలవాటవ్వాలి గదా. ఏలు సూసుకో."

నిజమే, వేలి చివర చిన్న ఎర్ర చుక్క. తలుపులమ్మ వేలు నోట్లో పెట్టుకుని నవ్వింది. అలా చూడకుండానే ఎలా తెలుసుకుంటుందో ఈ ముసలావిడ. రెండేళ్ళుగా ఆవిడ కంటికి ఎదురుగా ఉన్నదాని నడిమధ్య ఒక మసక మచ్చ కనబడుతోందట. చుట్టూ ఉన్నవి కనబడతాయి, చూడాలనుకున్నది కనబడదు. "దేవుడు నాకు అంచులొగ్గేసేడు, మజ్జిన కోసీసేడు" అంటుంది. అయినా సూదిలో దారం ఎక్కిస్తే మొదటిసారికే ఎక్కుతుంది.

బళ్ళో పాత సైన్సు గదికి ఆనుకుని ఉన్న సామాన్ల గది అది. ఒక పక్క విరిగిన బెంచీలు, చెయ్యి ఊడిన అస్థిపంజరం బొమ్మ. ఇంకో పక్క నల్ల కుట్టు మిషను, పొడుగు బల్ల, ఇనపబీరువా నిండా నాటకాల దుస్తులు. ముప్ఫయ్యేళ్ళ వార్షికోత్సవాలు ఆ బీరువాలో మడతలు పెట్టి ఉన్నాయి. రాజు కోటు అందరికీ తెలిసిందే. ఎర్ర మఖమలు మీద బంగారు జరీ తాడు. అది నిజానికి లూర్దు మేరీ మొగుడు స్టీవెన్‌ది. స్టీవెన్ పెళ్ళిళ్ళకి బ్యాండు మేళంలో బాకా ఊదేవాడు. మేళం వాళ్ళ కోట్లకి జరీ తాడు కుట్టీ కుట్టీ లూర్దు మేరీకి కుట్టుపని వచ్చింది. ఆయన పోయాక కోటు బడికి తెచ్చేసింది. బళ్ళో ఆయాగా చేరింది, రిటైరైంది, రిటైరయ్యాక కూడా పొద్దున్నే వచ్చి ఆ గది తాళం తీస్తూనే ఉంది. పిల్లలు లేరు. ఉన్నారా అని ఎవరైనా అడిగితే బీరువా వైపు చూపిస్తుంది.

ఆ సాయంత్రం ఐదున్నరకి వార్షికోత్సవం. నాటకం త్రినాథ్ మాస్టారు రాసింది, 'తీపి మరిచిన రాజ్యం'. ఒక రాజు తన రాజ్యంలో బెల్లం తినకూడదని చాటింపు వేయిస్తాడు. రాణి మాత్రం పావడా జేబులో బెల్లం ముక్క దాచుకుని, తల్లిలేని పిల్లలకి చాటుగా పెడుతుంది. అనకాపల్లిలో ఆడవలసిన నాటకమే.

తొమ్మిదిన్నరకి త్రినాథ్ మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వెనక తొమ్మిదో తరగతి పిల్ల, లావణ్య. గుమ్మం పై కమ్మీకి తల తగులుతుందేమో అన్నంత పొడుగు.

"మేరీ, కొంప మునిగింది. రాణి వేసే పిల్లకి రాత్రి అమ్మవారు పోసింది. ఈ అమ్మాయికి మాటలన్నీ వచ్చు. మాటలే వచ్చు, బట్టలు మాత్రం..."

"రా గుంటా, ఇలా నిలబడు." లూర్దు మేరీ లేచి ఆ పిల్ల భుజాలు, నడుము, మణికట్టు చేతులతో తడిమింది. టేపు మెడలో ఉంది గానీ ఆవిడ జానతోనే కొలుస్తుంది. "ఓలమ్మ, ఏం తింటన్నావే?"

"బెల్లమే మామ్మా," అంది లావణ్య.

మాస్టారు కూడా నవ్వారు. నవ్వు అయిపోయాక బల్ల వైపు చూశారు. రాణి పావడా, జాకెట్టు బల్ల మీద ఉన్నాయి. వాటిలో వదిలిన గుడ్డంతా విప్పినా ఆ పిల్లకి మోకాళ్ళ కిందకి రావు.

గుడ్డ వదలడం ఆ గది పద్ధతి. లూర్దు మేరీ ఏ బట్టనీ ఒంటికి సరిపడా కోసేది కాదు. ఎంత ఎక్కువైతే అంతా లోపలికి మడిచి కుట్టేది. "ఈ ఏడు ఈ పిల్ల, పై ఏడు ఇంకో పిల్ల. మడిసింది ఇప్పుకోవచ్చు. కోసింది ఏడిసినా రాదు." మడత లోపల, ఎవరికీ కనబడనిచోట, ఆ ఏడు వేసుకున్న పిల్ల పేరు రంగుదారంతో కుట్టేది. ఏడుకో రంగు. ఒక పావడా అంచు విప్పితే పసుపు దారంతో ఒక పేరు, దాని కింద నీలం దారంతో ఇంకోటి, దాని కింద వెలిసిపోయిన గులాబీ. ఆ పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు.

తలుపులమ్మ ఆ గదిలోకి వచ్చింది కుట్టు నేర్చుకుందామని కాదు. మూడేళ్ళ కిందట బిందుని ఈ ఆవరణలోనే ఉన్న అంగన్‌వాడీలో వేసింది. వేసి ఇంటికి వెళ్ళలేకపోయింది. గేటు దాకా వెళ్ళడం, తిరిగి రావడం. ఆఖరికి సామాన్ల గది మెట్ల మీద కూర్చుండిపోయేది. పొద్దున్నించి సాయంత్రం దాకా, ఎండొస్తే కొంగు నెత్తినేసుకుని. టీచర్లు చెప్పి చూశారు. మొగుడు నానాజీ ఆటో ఆపి కేకలేసి చూశాడు. నాలుగోనాడు లోపల్నించి లూర్దు మేరీ గొంతు వినిపించింది.

"ఒలే, మెట్ల మీద పిల్లా. ఊరికే కూకుంటే భయం పిల్లల్ని పెడతాది. లోపలికి రా, ఈ హుక్కులు కుట్టు. కిటికీలోంచి నీ గుంట కనబడతాదిలే."

ఆ రోజు కుట్టిన ఆరు హుక్కుల్లో ఐదు ఊడిపోయాయి. ఊడనిది ఒకటి ఉందని లూర్దు మేరీ దాన్ని అందరికీ చూపించింది. తరవాత కాజాలు, తరవాత అంచులు, తరవాత మిషను. కాగితం మీద దారం లేకుండా తొక్కించి గీతలు తిన్నగా వచ్చేదాకా గుడ్డ ముట్టనివ్వలేదు. పాత ప్రశ్నపత్రాలు సూది బెజ్జాలతో నిండిపోయేవి. తొమ్మిదో తరగతి లెక్కల ప్రశ్నపత్రం ఒకటి చేతికొస్తే తలుపులమ్మ తొక్కడం ఆపేసి అది చదువుకుంది. ఒక్క లెక్కా రాలేదు. అన్నీ ఒకప్పుడు వచ్చినవే.

పన్నెండేళ్ళ కిందట ఇదే బడి, ఇదే ఆటస్థలం. వాళ్ళమ్మ బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేది. తలుపులమ్మ తొమ్మిది చదువుతూ ఉండగా నాటకంలో చెలికత్తె వేషం వచ్చింది. ఒకటే మాట, "అమ్మగారూ, రథం సిద్ధం." దాన్నే వారంపాటు పొయ్యి దగ్గరా, నీళ్ళ కుళాయి దగ్గరా అంటూ తిరిగింది. నాటకం ముందురోజు సాయంత్రం సాధన చేస్తున్నప్పుడు, ఆ మాట నాలుగోసారి అంటున్నప్పుడు, మార్కెట్లో వాళ్ళమ్మ నెత్తి మీద దిమ్మతో సహా కూలబడింది. కబురొచ్చేసరికి అంతా అయిపోయింది. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళు, వండిపెట్టే దిక్కు లేదు. మర్నాడు బడికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఎవరూ మానెయ్యమని అనలేదు, తిరిగి వెళ్ళమనీ అనలేదు.

గదిలోకి వచ్చిన రెండో నెలలో ఒక ఆకుపచ్చ పావడా అంచు విప్పుతూ ఉంటే తెల్ల దారంతో కుట్టిన అక్షరాలు బయటపడ్డాయి. తలుపులు. తలుపులమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"మామ్మా, ఇది నేనేనా?"

"నువ్వు కాపోతే ఇంకెవలు? ఆ పేరున్న గుంటలు నాకు పదిమంది లేరు."

"నేను ఏసుకోనే లేదు గదా."

"కుట్టడం నా పని, సేసేను. ఏసుకోడం నీ పని, నువ్వు రాలేదు. మజ్జిలో నా తప్పేటి?" అని, ఆ తెల్ల దారం మీద వేలు పెట్టి, "విప్పకు. దాని కింద కుట్టు," అంది.

కత్తెర మాట వేరు. ఆ కత్తెర లూర్దు మేరీది, బడిది కాదు. పిడులకి చుట్టిన గుడ్డ చెమటకి నల్లబడి తోలులా అయిపోయింది. రోజూ పని కాగానే దాన్ని బ్యాండు కోటు నుంచి మిగిలిన ఎర్ర మఖమలు ముక్కలో చుట్టి, సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోతుంది. తాళం వేసిన గదిలో కూడా ఒక్క రాత్రి వదలదు. మొదటివారం ఓ రోజు తలుపులమ్మ "కత్తెరిలాగియ్యి మామ్మా" అని చెయ్యి చాపితే, లూర్దు మేరీ దాన్ని చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టింది.

"కత్తెర సేతికియ్యకూడదే. ఇచ్చినోళ్ళకీ పుచ్చుకున్నోళ్ళకీ తగువొత్తాది. నేను బల్ల మీద పెడతాను, నువ్వు తీసుకో."

త్రినాథ్ మాస్టారు అక్కడే ఉన్నారు. "ఇది మీ బైబిల్లో ఉందా మేరీ?"

"బైబిల్లో లేదు మాస్టారూ, బెల్లం బజార్లో ఉంది."

తీసుకుని కోసింది కూడా తలుపులమ్మ, ఆ ఒక్కసారే. ఒక కుర్తాకి చేతులు. రెండు గుడ్డ ముక్కలూ ఒకేవైపు పరిచి, ఒకే అచ్చు పెట్టి కోసేసింది. తీరా కుట్టాక చూస్తే రెండూ ఎడమ చేతులే. వేసుకున్న పిల్లకి కుడి చెయ్యి వెనక్కి తిరిగినట్టు వచ్చింది. ఉన్న గుడ్డ అంతే, ఇంక లేదు. లూర్దు మేరీ ఆ కుర్తాని ఎగాదిగా తడిమి, దానికి నాలుగు రంగుల అతుకులు వేసింది. ఆ ఏటి నాటకంలో విదూషకుడికి అదే వేషం. రంగం మీదకి వస్తూనే కుడి చెయ్యి వంకరగా ఊపితే ఆటస్థలం అంతా పడిపడి నవ్వింది. అప్పటినించి ప్రతి నాటకంలో దానికోసమే ఒక విదూషకుణ్ణి పెడుతున్నారు మాస్టారు.

అందరూ నవ్వినా తలుపులమ్మ మాత్రం మళ్ళీ కత్తెర ముట్టలేదు. సుద్దముక్కతో గీతలు గీస్తుంది, టాకాలు వేస్తుంది, మిషను మీద అందరికంటే తిన్నగా కుడుతుంది. కోత మాత్రం మామ్మది. అలా ఒప్పందం లేని ఒప్పందం ఒకటి నడిచిపోయింది.

"కొత్తది కుట్టాలి," అంది లూర్దు మేరీ ఇప్పుడు, లావణ్య జబ్బ మీదనించి చెయ్యి తీసి.

"గుడ్డేదీ? ఇప్పుడు కొనడానికి ఎవరు వెళ్తారు?" అన్నారు మాస్టారు.

లూర్దు మేరీ తన సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. విప్పితే ఎర్రచందనం రంగు పట్టుచీర, చేతి వెడల్పు జరీ అంచు. రిటైరైన రోజు బళ్ళో అందరూ కలిసి ఆవిడకి కప్పిన చీర. పదేళ్ళయినా మొదటి మడత విప్పలేదు. కలరా ఉండల వాసన గదంతా కమ్ముకుంది.

"వద్దు మేరీ," అన్నారు మాస్టారు. ఆయన గొంతు మారింది. తలుపులమ్మ ఆయన ముఖం వైపు చూసింది గానీ ఎందుకు మారిందో అడగలేదు.

"నేనింక కట్టుకోను మాస్టారూ. పెట్లో ఉంటే పురుగు కడతాది. మీరెల్లి మైకు సూసుకోండి. నాలుగింటికి రాణి తయారు."

మాస్టారు లావణ్యని తీసుకుని వెళ్ళిపోయారు. లూర్దు మేరీ చీరని బల్ల మీద పరిచి, చెంగు నుంచి చెంగుకి అరచేత్తో సాపు చేసింది. ఎక్కడ పావడా, ఎక్కడ జాకెట్టు, అంచు ఏ పక్కకి రావాలి, మణికట్టు దగ్గర జరీ ఎంత కనబడాలి, బెల్లం జేబు ఏ మడతలో ఉండాలి, అన్నీ వేలితో చూపించింది. తలుపులమ్మ ఆ వేలు వెంట సుద్దముక్క నడిపింది. అయ్యేసరికి పదకొండు. లూర్దు మేరీ సంచిలోంచి ఎర్ర గుడ్డ తీసి, విప్పి, కత్తెర బల్ల మీద పెట్టింది. తలుపులమ్మ వైపు.

"కొయ్యి."

"నేనా! నువ్వు కొయ్యి మామ్మా."

"నాకు గీత కనబడ్డం లేదే."

"మొన్న కోసేవు గదా!"

"మొన్న కోసింది పాత దుప్పటి. వంకర పోయినా ఎవలూ అడగరు."

"మామ్మా, నీకు దండం పెడతాను. ఇది నీ చీర. పాడైతే ఇంకోటి లేదు. నా చెయ్యి మంచిది కాదు."

"నీ సెయ్యికేటయిందే? ఆరు హుక్కుల్లో ఒకటి నిలబడినప్పుడే సూసేను నేను, నీ సెయ్యి." లూర్దు మేరీ స్టూలు మీద కూర్చుంది. "నాకు తెలిసీ నువ్వు ఏ పనీ ఊరకనే సెడగొట్టలేదు. సెడిపోతాదేమోనని సూత్తా సూత్తా సెడగొట్టేవు. కిటికీ ఏపు కాదు, గీత ఏపు సూడు. గుంటకి టీచరుంది."

తలుపులమ్మ గోడ గడియారం వైపు చూసింది. నాలుగింటికి రాణి తయారవ్వాలి. లేకపోతే లావణ్య స్కూలు యూనిఫాంలో రాణి అవుతుంది, ఊరంతా చూస్తుంది. కోస్తే, వంకర పోతే, మామ్మకి ఈ బడి ఇచ్చిన ఒకే ఒక్క చీర చీలికలవుతుంది. రెండిట్లో ఏది పెద్దదో తేల్చుకోలేక చెమట పట్టిన చేతులు పమిటకి తుడుచుకుంది. తుడుచుకుంటూనే కత్తెర తీసుకుంది. బరువుగా ఉంది. పిడులు వెచ్చగా ఉన్నాయి, ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకు కూర్చున్న వేడి.

మొదటి కోతకి పట్టు చిన్న మూలుగులా శబ్దం చేసింది. ఆ తరవాత చెయ్యలేదు. కింది అంచు బల్లకి ఆనిస్తూ, మొన మూయకుండా, సగం మూసి ముందుకి తోస్తూ ఉంటే గుడ్డ తనంతట తనే రెండుగా విడిపోతూ వచ్చింది. మూడేళ్ళు పక్కన నిలబడి చూసిన చెయ్యి తన చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తలుపులమ్మకి తెలియలేదు. పావడా అయింది. జాకెట్టు ముందుభాగం, వెనకభాగం. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆగి, గుడ్డని ముఖానికి ముఖం ఆనేలా మడిచి, రెండూ ఒక్క కోతలో కోసింది. విప్పి చూసుకుంది. ఒకటి కుడి, ఒకటి ఎడమ.

"రెండు రకాల సేతులూ వచ్చేయి మామ్మా!"

"విదూషకుడికి ఏడుపే ఈయేడు," అంది లూర్దు మేరీ. లేచి నిలబడినట్టుంది. "మిషనెక్కు. జేబు మర్సిపోకు. లోపల గుడ్డ ఒగ్గు, ఇంకా పొడుగు పిల్లలొత్తారు. నేను ఎల్లొత్తాను."

"అన్నానికా?"

"ఊఁ."

"బేగి రా."

తలుపులమ్మ తలెత్తలేదు. బాబిన్‌లో దారం చుడుతోంది. వెనక చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, మెట్లు దిగి వెళ్ళింది.

పావడా కుచ్చిళ్ళు, నడుం పట్టీ, జేబు. జేబుకి అడుగున రెండు వరసలు కుట్టింది, బెల్లం బరువుకి ఊడకుండా. మిషను తొక్కుతూ ఉంటే చాలా ఏళ్ళ తరవాత ఆమె బుర్రలో ఏ ఆలోచనా లేదు. గీత ఉంది, సూది ఉంది, సూది కింద ముందుకి జరిగే గుడ్డ ఉంది.

"అమ్మా."

బిందు బల్ల పక్కన నిలబడి ఉంది. ఒక చేతిలో మధ్యాహ్నం బళ్ళో పెట్టిన చిక్కీ, రెండో చేతిలో ఊడిపోయిన ఎర్ర రిబ్బను. "నా రిబ్బను ఊడిపోయింది. నేను నీకేసి చెయ్యి ఊపేను. నువ్వు చూళ్ళేదు."

తలుపులమ్మ గడియారం చూసింది. రెండుంపావు. పదకొండు నుంచి ఆమె కిటికీ వైపు చూడలేదు. మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఏం జరిగిందని బిందుని ఒళ్ళంతా తడిమి చూసింది. ఏమీ జరగలేదు. రిబ్బను ఊడిందంతే. పిల్లని దగ్గరికి లాక్కుని, జడ వేస్తూ, ఎందుకో నవ్వొచ్చి నవ్వింది.

నాలుగింటికి పది నిమిషాలు తక్కువగా లావణ్య వేసుకుంది. భుజం దగ్గర చిన్న టాకా తప్ప దేనికీ చెయ్యి పెట్టాల్సిన పని రాలేదు. తలుపులమ్మ బీరువాలోంచి ఆ ఏటి దారం తీసింది, నారింజ రంగు. పావడా అంచు మడత లోపల లావణ్య పేరు కుట్టింది. ఒక్క క్షణం ఆలోచించి, దాని పైన, మొదటి పేరు ఉండవలసిన చోట, 'లూర్దు మేరీ' అని కూడా కుట్టింది. ఆవిడ వచ్చి వేళ్ళతో తడిమి చదువుకుంటుంది, తిడుతుంది కూడా, అనుకుంది. పక్క తెర వెనక ఆవిడ కూర్చునే కుర్చీ తుడిచి వేసింది.

ఐదున్నర అయింది. కుర్చీ ఖాళీగానే ఉంది. నాటకం మొదలైంది. విదూషకుడు వంకర చెయ్యి ఊపాడు, నవ్వులు. రాణి వచ్చింది. దీపాల వెలుగులో ఎర్రచందనం పట్టు మీద జరీ అంచు మెరిసింది. ముందు వరసలో కూర్చున్న పాత టీచరమ్మ ఒకావిడ "అది మేరీ చీర!" అని పైకే అంది. రాణి జేబులో చెయ్యి పెట్టింది. జేబులో కరిగిన బెల్లం గుడ్డకి అతుక్కుపోయి ఊడి రాలేదు. లావణ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రాజుగారి చట్టం జేబు దాకా వచ్చింది నాయనలారా, గట్టిగా పట్టుకుంది!" అని లాగింది. ఊరు ఊరంతా చప్పట్లు. జేబు మాత్రం ఊడలేదు.

తలుపులమ్మ చప్పట్లు కొడుతూ కుర్చీ వైపు తిరిగింది. కుర్చీ పక్కన నానాజీ నిలబడి ఉన్నాడు. ఆటో తాళం వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. ఏదైనా చెప్పలేనప్పుడు అలాగే తిప్పుతాడు.

"మామ్మ ఏది బావా? ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉంది. ఒంటిగంట దాటేక విజయవాడ బండికి ఎక్కించేను."

"ఏ బండి?"

"గుంటూరు అవతల ఫిరంగిపురంలో సిస్టర్ల మఠం వోళ్ళ ఇల్లుందంట, కళ్ళు కనబడనోళ్ళని సూసుకుంటారంట. మాస్టారే రాసి పెట్టేరు, విజయవాడలో వోళ్ళే వచ్చి దింపుకుంటారంట. అద్దె గది ఖాళీ సేసేసింది. నెల్రోజులనించి అనుకుంటన్నదే." తాళం తిప్పడం ఆపాడు. "నీకు సెప్పొద్దంది. సెబితే నువ్వు గుడ్డ మీద సెయ్యి పెట్టవంది."

రంగం మీద రాజు చట్టం వెనక్కి తీసుకుంటున్నాడు. పిల్లలు అరుస్తున్నారు. తలుపులమ్మ తనకి తెలియకుండానే లెక్క వేసుకుంది. ఒంటిగంట దాటాక తను జేబు అడుగున రెండో వరస కుడుతోంది.

"ఏడిసిందా?"

"లేదు. బండెక్కేక కిటికీ దగ్గర కూకుని, నీ మొకం సరిగ్గా కనబళ్ళేదు నానాజీ, పక్కకి జరుగు అంది. జరిగేను. అప్పుడు సూసింది."

తలుపులమ్మ సామాన్ల గదికి పరిగెత్తింది. లైటు వేసింది. బల్ల మీద పట్టు పీలికల మధ్య కత్తెర ఉంది, పక్కనే ఎర్ర మఖమలు గుడ్డ. మధ్యాహ్నం అంతా తనే వాడింది. ఒక్కసారి కూడా తట్టలేదు, ఆవిడ ఎప్పుడూ దాన్ని వదిలి భోజనానికి కూడా వెళ్ళదని.

వెనకే నానాజీ వచ్చాడు, నిద్రపోతున్న బిందుని భుజాన వేసుకుని.

"బావా, కత్తెర మర్సిపోయింది మామ్మ. స్టేషన్లో అడిగిందా? సంచి తడుముకుందా?"

"తడుముకుంది. బండెక్కినోళ్ళంతా తడుముకుంటారు."

"కత్తెర అందా?"

"కత్తెర మాటే లేదు. వచ్చిందా పిల్లకి పని అని నేనడిగితే, ఎప్పుడో వచ్చింది, దానికే తెలీదు అంది."

కత్తెర చేతికి ఇవ్వరు. బల్ల మీద పెడతారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. మరిచిపోయినా అలాగే ఉంటుంది, ఇచ్చినా అలాగే ఉంటుంది. పెట్టింది ఆవిడ. తీసుకుంది తను.

ఇది జరిగి రెండు నెలలైంది. బడి పక్క సందులో తలుపులమ్మ ఇంటి అరుగు మీద ఇప్పుడొక పాత మిషను ఉంది, బిందు స్నేహితుల గౌనులు కుడుతోంది. కిటికీ లేని అరుగది, అక్కణ్ణించి చిన్నబడి కనబడదు. మఠానికి మాస్టారు ఫోను చేస్తే ఒకసారి ప్రార్థనలో ఉన్నారన్నారు, ఒకసారి పడుకున్నారన్నారు. తలుపులమ్మ ఇటు తుని, అటు విశాఖపట్నం దాటిన మనిషి కాదు. వేసవి సెలవుల్లో తీసికెళ్తానని నానాజీ అంటున్నాడు. అంతవరకు ఆమె చూడని చోట ఒక మనిషి ఉంది.

మీలో ఎవరైనా గుంటూరు అవతలికి వెళ్ళే పనుంటే, ఫిరంగిపురంలో ఒక్క అరగంట దిగండి. అనకాపల్లి మేరీ ఎవరని అడగండి. మీ చీరకొంగో, చొక్కా అంచో పట్టుకుని వేళ్ళతో రాసి చూస్తే ఆవిడే. అన్నం సయిస్తోందా, ఎవరైనా మాట్లాడేవాళ్ళున్నారా, కొంచెం చూసి రండి. మాట్లాడేటప్పుడు ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడండి, అప్పుడు మీరు కనబడతారు. కత్తెర మాట మీరై ఎత్తకండి. ఆవిడ అడిగితే మాత్రం చెప్పండి. ఇంట్లో మిషనుంది గానీ, కోత పనంతా ఆ గదిలోనే. పని కాగానే తలుపులమ్మ రోజూ ఎర్ర గుడ్డలో చుట్టి పెడుతోంది, ఆ పొడుగు బల్ల మీద, ఆవిడ పెట్టిన చోటే, పిడులు గుమ్మం వైపుకి.